పెట్టె దించనియ్యని బావ

మొన్న ఆదివారం మా బావ జ్ఞాపకార్థ కూడికకు పోయినాను. మందిరం గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టినారు. దాంట్లో మా అక్క మొగుడు తెల్ల మబ్బుల మధ్య నవ్వుతా ఉండాడు. కింద ‘పుట్టుకతోనే శాంతమూర్తి’ అని రాసినారు. నాకు ఒళ్ళు మండింది. కొత్తగా వచ్చిన పాస్టరయ్య మైకులో ఆ మాటనే ఇంకా సాగదీస్తా ఉంటే లేచి బయటికి వచ్చేసినాను. నేను బడి మొహం చూడనోణ్ణి, బజ్జీలు కట్టిచ్చిన కాయితాల మీద అక్షరాలు నేర్చుకున్నోణ్ణి. అయినా అబద్ధాన్ని అబద్ధమని చదవడం నాకొచ్చు. మనిషి పుట్టుకతోనే శాంతమూర్తి అయితే ఇంక దేవుడు చేసిన పనేముంది?

మా బావ తన పెళ్ళి పందిట్లోనే, బ్యాండు ఆయన తాళం తప్పినాడని డోలు లాక్కొని చెరుకుతోటలోకి విసిరేసినాడు. కోపం దిగినాక తనే పోయి వెతికి తెచ్చి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకొని అన్నం తినిపించినాడు. “వీడు అగ్గిపుల్ల రా. గీస్తే వెలుగు, ఆమైన మసి” అనినాడు మా నాయన. ఆ మసి ఆయనకే అంటింది. చంద్రగిరి దోవలో ఒక టీ అంగట్లో మా నాయనకు విడిగా దాచిన గ్లాసులో టీ ఇస్తే, మా బావ కాగుతా ఉండే పాలగిన్నెను ఎత్తి బోర్లించినాడు. ఆ కోపం తప్పని నేను ఈ పొద్దుకీ అనను. కానీ కట్టెలు పట్టుకొని జనం వచ్చేసరికి బావ చెరుకుతోటలో దూరి మాయమైనాడు. దెబ్బలన్నీ మా నాయన తిన్నాడు. చంద్రగిరి బజార్లో ఎవురో బావను గుర్తుపట్టి, “దెబ్బలు తిన్న ముసిలోడు మీ మామే గదా?” అంటే, “ఏ ముసిలోడు? నాకు తెల్దు” అనేసినాడంట. మనిషికంటే ముందు ఆ మాట ఇల్లు చేరింది. మా నాయన కుడిచెయ్యి మళ్ళీ సాపు కాలేదు.

కొన్నాళ్ళకు బావ వచ్చి గడప బయట కూర్చున్నాడు. మా అక్క ఆయన మొహం మీదనే తలుపేసింది. మా అమ్మ ఆ తలుపు తీసుకొని సంగటి పళ్ళెంతో బయటికి పోయింది. అమ్మకు చదువు రాదు, మందిరంలో విన్న వాక్యమంతా నోట్లోనే ఉండేది. “తిను అల్లుడా. ఆ చేపలు పట్టే శిష్యుడు గూడా నీ మాదిరే. కత్తి దూసి ఒకడి చెవి నరికినాడు, కోడి కూసేలోపల యేసయ్యెవురో నాకు తెల్దనేసినాడు. మళ్ళా ఆ యేసయ్యే ఆ మనిషికే గదా గొర్రెల్ని అప్పజెప్పింది?” అనింది. “నాకెవురప్పజెప్తారు అత్తా?” అని ఏడ్చినాడు బావ. “ముందు మీ మామ కాళ్ళకాడికి పో. గొర్రెలు ఆమైన సూద్దాం.”

మా నాయన పొయ్యేదాకా పొద్దున్నే ఆ చేతికి నూనె రాసింది బావే. కోపం ఒక్కసారిగా పోలేదు. అది పొంగినప్పుడల్లా ప్రార్థన చేసుకుంటా బావిలో నీళ్ళు తోడేవాడు. ఆ నీళ్ళకు పెరిగిన తోటకూరను ఆ యేడు మా అక్క వీధికంతా పంచింది.

మా అమ్మ పోయేనాటికి తిరపతి మా పల్లెదాకా పెరిగింది. సమాధుల తోటకు పొయ్యే దోవను ఎవురో వెంచర్లో కలిపేసుకొని, రాతికూసాలు పాతి ముళ్ళకంచె వేసినారు. అమ్మ పెట్టె మోసుకొని మేం కంచెకాడికి పోతే కాపలా మనుషులు అడ్డం నిలబడినారు. “ఇది మా ప్లాటు. యాడన్నా పూడ్చుకోండి.” మా పిల్లోళ్ళు రాళ్ళు తీసినారు. పెట్టె ముందుకొమ్ము బావ భుజం మీద ఉండాది. ఆయన మెడ నరాలు ఉబ్బినాయి. ఆ మెడ నాకు తెలుసు, ఇంక పాలగిన్నె లేస్తాదనుకున్నాను.

“రాళ్ళు పడేయండి. పెట్టె మాత్రం దించొద్దండి” అనినాడు బావ. “ఈమెను ఎనక్కి తీసకపోయేది లేదు.”

ఆడోళ్ళు పాట ఎత్తుకున్నారు. “పాటలకు కంచె ఊడుతాదా ముసిలోడా?” అని నవ్వినాడు కాపలావాడొకడు. “ఊడేదాకా పాడతామప్పా. నువ్వు ఎండలో ఉండావు, నీడకు పో” అనినాడు బావ. వాడు కట్టెతో బావ ఎడమ భుజం మీద ఒకటేసినాడు. బావ ఊగినాడు గానీ కాలు కదపలేదు. దెబ్బ తిన్న భుజానికే పెట్టె మార్చుకున్నాడు.

ఎస్సై వచ్చి, “ఎవురు మీలో పెద్ద? ఈమె నీకేమైతాది?” అని అడిగినాడు. బావ గొంతు కంచె అవతలికి గూడా వినబడింది. “మా అత్త సార్. కంచెకు ఆ పక్క పండుకోనుండేది మా మామ. నేను వీళ్ళ మనిషిని. కేసు రాస్తే నా పేరు రాసుకోండి.”

పొద్దు వాలేదాకా భుజాలు మార్చుకుంటా నిలబడినాం. ఆఖరికి ఎమ్మార్వో వచ్చి, ఊళ్ళోవాళ్ళను విచారించి, కంచె తీయించినాడు. మా అమ్మను మా నాయన పక్కనే పెట్టినాం. ఆ దోవకు మళ్ళీ ఎవురూ అడ్డం రాలేదు. పోయిన యేడు మా బావ గూడా ఆ దోవలోనే పోయినాడు.

మొన్న కూడికలోంచి నన్ను వెతుక్కుంటా పాస్టరయ్య బయటికొస్తే ఇదంతా చెప్పినాను. “మరి ఏం రాయమంటారు పెద్దాయనా?” అనినాడు మెల్లగా. “పారిపోయినోడు, తిరిగొచ్చి నిలబడినోడు అని రాయి. అది మార్చేదాకా నేను లోపలికి రాను” అని అరుగుమీదనే కూర్చున్నాను. కాలం కోపాన్ని చల్లారుస్తాది, నిజమే. ధైర్యాన్ని గూడా చల్లారుస్తాది. మా బావలో అది ఒకదాన్నే ఆర్పిందంటే, ఆ అగ్గిపుల్లకు ఇన్నేండ్లూ ఎవురో అరచేతులు అడ్డం పెట్టినారు.