ధర్మవరంలో ఉన్న ఆరు నిమిషాల తోడి

ఉదయం ఆరూ నలభైకి హిందూపురంలో ప్యాసింజరు ఎక్కాను. సంచిలో పాత టేప్ రికార్డరు, ఒక క్యాసెట్, బీపీ మాత్రలు, నీళ్ళ సీసా. చింతపండు మార్కెట్లో గుమాస్తాగిరీ చేసి మానుకున్నవాణ్ణి. అరవై ఆరేళ్ళ వయసులో ఈ సామానుతో బయలుదేరడానికి కారణం పెనుకొండ నుంచి వచ్చిన ఫోను. నా స్నేహితుడు ఖాదర్‌కు పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. మాట కొంచెం తిరిగాక నాకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే.

"ఆ తోడి ఒక్కసారి పూర్తిగా వినిపియ్యబ్బా. ఇంగోసారి పడితే లేసేది లేదంట."

చిక్కేమిటంటే ఆ తోడి రాగం పూర్తిగా ఒకచోట లేదు. చాలా ఏళ్ళ కిందట ధర్మవరంలో ఒక సత్రంలో వయొలిన్ కచేరీ జరిగింది. ఆ విద్వాంసుడు పెద్ద పేరున్నవాడు కాదు. ఇప్పుడు లేడు, ఆయన రికార్డింగు ఇంకెక్కడా దొరకదు. ఆ రోజు రెండు టేప్ రికార్డర్లు పెట్టాం. ఒకటి నాది, ఇంకొకటి ధర్మవరం నేతగాడు ఆంజనేయులుది. నాది మొదలైన పది నిమిషాలకు ఆయన మొదలుపెట్టాలి. ఒకరు క్యాసెట్ తిప్పుకునేటప్పుడు రెండోవాళ్ళది నడుస్తుండాలన్నమాట. తీరా తోడి ఆలాపన మధ్యలో నా క్యాసెట్ ఒకవైపు అయిపోతే, నేను తిప్పడమే మరిచాను. ఒళ్ళు తెలియలేదు. ఆరు నిమిషాలు పోయాయి. ఆ ఆరూ ఆంజనేయులు క్యాసెట్లో ఉన్నాయి.

కాపీ చేసుకుంటానని అడిగితే ఆయన నవ్వాడు. "కాపీ ఇస్తే నువ్వు మళ్ళీ యాడొస్తావు?" అన్నాడు. అందుకే నెలనెలా రెండో ఆదివారం, ఇద్దరికీ మధ్యలో ఉన్న పెనుకొండలో, ఖాదర్ టైలరు షాపులో కలిసేవాళ్ళం. రెండు టేప్ రికార్డర్లు పక్కపక్కన పెట్టి, నాది ఆగినచోట ఆయనది మొదలుపెట్టేవాళ్ళం. ఖాదర్ ఏదీ రికార్డు చేసినవాడు కాదు గానీ వినడంలో మా ఇద్దరికీ పెద్ద. రాగంలో మంచి సంగతి రాబోతుంటే అర క్షణం ముందే వేలు ఎత్తేవాడు.

ఆరేళ్ళ కిందట ఆంజనేయులు రావడం మానేశాడు. చెవి మందగించిందని కొడుకు ఫోన్లో చెప్పాడు. పోదాం పోదాం అనుకుంటూనే నేను పోలేదు. దీనికి సాకు ఏమీ లేదు.

రైల్లో పక్కన మడకశిర వైపు టమాటా వ్యాపారి కూర్చున్నాడు. సంచిలో నుంచి కనబడుతున్న టేప్ రికార్డరు చూసి, "ఏమప్పా, అది ఇంగా పలుకుతాదా? దుడ్లకేమన్నా ఇస్తావా?" అన్నాడు. ఇవ్వనన్నాను. అంతటితో ఊరుకోకుండా, ఫోన్లోకి ఎక్కించుకున్న నా భాగం నడిపి, ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టాను. విన్నది నచ్చితే ఎవరికైనా పంచందే నాకు తోచదు. మూడు నిమిషాలు మర్యాదగా విన్నాడు. ఆ తర్వాత తీసి ఇచ్చేస్తూ, "పాటెప్పుడొస్తాది?" అన్నాడు.

ఏడున్నరకు పెనుకొండ. స్టేషను నుంచి ఊళ్ళోకి షేర్ ఆటో ఉంటుంది. కొండ కింద బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని ఖాదర్ ఇంటికి వెళ్ళాను. షాపు ఎత్తేశారు, కుట్టుమిషను మీద మందుల సీసాలున్నాయి. కుడివైపంతా పడిపోయింది. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆంజనేయులు రాలేదా?"

"ఆయన దగ్గరికే పోతాండా. సాయంత్రానికి తెస్తాను."

"తెస్తావు కదా?"

"తెస్తానబ్బా."

గడప దాకా వచ్చిన ఆయన భార్య, "రాత్రంతా నిద్దర పోలేదన్నా, నువ్వొస్తావని," అంది.

తొమ్మిదింపావుకు ధర్మవరం బస్సు. కిటికీ పక్క సీటే దొరికింది కానీ బయట ఏమి చూశానో గుర్తులేదు. పదకొండుకు ముందే ఆంజనేయులు వీధికి చేరాను. ఇంకా ఇల్లు కనబడకముందే మోత వినబడింది. ముందుగదిలో ఆయన కొడుకు నాలుగు మరమగ్గాలు వేశాడు. చేతిమగ్గం వదిలి ఆంజనేయులు ఇన్నేళ్ళుగా వాటి మధ్యనే తెగిన దారాలు కలుపుతున్నాడు. నన్ను చూసి వీధి అంతా వినబడేలా, "వచ్చినావా సీనప్పా!" అన్నాడు. నేను ఏదో అడిగితే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఇనపడదు. శానా దినాలైంది. రాసి చూపియ్యి."

పాత పేపరు అంచు మీద ఖాదర్ సంగతి రాశాను. రెండుసార్లు చదివాడు. నన్ను లోపలిగదిలోకి తీసుకెళ్ళి బట్టలో చుట్టిన టేప్ రికార్డరు తీశాడు. క్యాసెట్ అందులోనే ఉంది.

"దినామూ పొద్దున పెట్టుకుంటా. దీని కౌంటర్ నంబరు రెండొందల పద్నాలుగు కాడికి తిప్పుకుంటా. నీకు లేని ముక్క అదే కదా. చెవికి ఇనపడకున్యా చేతికి తెలుస్తాదప్పా."

స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, మీట నొక్కాడు. నేను చెవి దగ్గరగా పెట్టాను.

టకటకటకటక. మగ్గం.

ముందుగదిలో మోతేమో అనుకుని ఆ గది తలుపు వేశాను. బయటి చప్పుడు తగ్గింది, స్పీకర్లోది తగ్గలేదు. పక్కపక్కనున్న ప్లే, రికార్డు మీటలు ఏదో ఒక పొద్దున కలిసి నొక్కుకుపోయి, తోడి చెరిగి దాని మీద మగ్గం మోత ఎక్కి ఉంటుంది. చెవులున్నవాడైతే మరుసటి రోజే కనిపెట్టేవాడు. క్యాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది విరిచేస్తే మళ్ళీ రికార్డు కాదు. నావన్నీ విరిచాను, ఆయనకు చెప్పాలని ఎన్నడూ తోచలేదు. ఇళ్ళల్లో ఇలాంటి క్యాసెట్లున్నవాళ్ళు లేచి ఆ ముక్క విరిచి వచ్చి మిగతాది చదవండి.

ఆంజనేయులు స్పీకరు మీద చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో తొడ మీద మెల్లగా తడుతున్నాడు. ముఖంలో నిండు సంతోషం.

"ఈ మధ్యన ఇంగా బాగా తెలుస్తాంది చేతికి. తోడి అట్లే ఉండాదా?"

పేపరు మీద 'అట్లే ఉంది' అని రాశాను.

మధ్యాహ్నం సంగటి, పప్పు పెట్టారు. బయలుదేరుతుంటే క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టి, "ఖాదర్‌కు వినిపిచ్చి మళ్ళా నువ్వే తెచ్చియ్యాల. కాపీ మాత్రం తీసుకోవద్దు," అని నవ్వాడు.

రెండూ యాభైకి తిరుగు రైలు. పెనుకొండలో దిగకుండా నేరుగా హిందూపురం పోతే ఎలా ఉంటుందని దారి పొడుగునా ఆలోచించాను. క్యాసెట్ దొరకలేదని ఫోన్లో చెప్పేయవచ్చు. అంత పిరికివాణ్ణని నాకు అంతవరకూ తెలియదు. బండి ఆగాక కూడా కాసేపు కూర్చునే ఉన్నాను. ఎక్కుతున్నవాళ్ళు "దిగేదుంటే దిగప్పా" అంటే దిగాను.

ఖాదర్‌ను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి ఉన్నారు. తల దువ్వి, ఉతికిన చొక్కా వేశారు. చెబుదామని నోరు తెరిచాను, "పెట్టబ్బా ముందు," అన్నాడు. నా క్యాసెట్ పెట్టాను. తోడి మెల్లగా విచ్చుకుంది. నాది ఆగినచోట ఆంజనేయులుది పెట్టాను.

మగ్గం మొదలైంది. ఆపబోతే ఖాదర్ ఎడమ చెయ్యి ఎత్తి వద్దన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ మోతలోనే కాసేపటికి ఆయన వేలు లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. ఎక్కడ ఏ సంగతి రావాలో అక్కడ లేస్తోంది. ఆరు నిమిషాలూ అలాగే విన్నాడు. అయిపోయాక కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"ఆయప్పకు చెప్పొద్దు."

"చెప్పలేదు."

వాళ్ళావిడ టీ ఇచ్చింది, తాగాను.

ఆరింటికి హిందూపురం బస్సు. ఈ ప్రయాణంలో నాకు తెలిసి వచ్చింది ఇంతే. ఆ తోడి పూర్తిగా మిగిలి ఉన్నది ఖాదర్ తలలో ఒక్కచోటే. దాన్ని బయటికి పాడే గొంతు, రాసే చెయ్యి ఆయనకు లేవు. నేనైతే దాన్ని వందసార్లు విన్నాను. మైమరచి క్యాసెట్ తిప్పడం మరిచినవాణ్ణి నేనే. కళ్ళు మూసుకుని, నా భాగం ఆగేచోటి నుంచి మనసులో పట్టుకోబోయాను. చాకర్లపల్లి దాటేదాకా ప్రయత్నించాను. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అక్కడికి రాగానే మగ్గమే వినబడింది.