పక్కకు తిరిగిన అవ్వ

మొన్న మ్యూజియంలో ఒక చిన్న తైలవర్ణ చిత్రం ముందు ఆగిపోయాను. పాతకాలపు ఫ్రెంచి రైతుమ్మ, తలకు గుడ్డ కట్టుకుని, చంకలో బుట్టతో పక్కకు తిరిగి నిలబడి ఉంది.

నా చిన్నప్పుడు గల్ఫ్‌లో, సీబ్ అనే పట్నంలో నాన్న డ్రైవరుగా పనిచేసే విల్లా వెనక మా గది. ఈ బొమ్మే ఉన్న క్యాలెండర్ కాగితం గోడకు అంటించి ఉండేది. "మీ అవ్వ గూడా ఇట్లే బుట్ట పట్టుకోని చేనికి పోతాది" అనేది అమ్మ. నేనింకా అవ్వ ఉండే కడప చూడలేదు. బొమ్మలో ఉన్నదే అవ్వ అనుకుని రోజూ ముద్దు పెట్టేదాన్ని.

ఒకసారి ఊరి నుంచి అవ్వ ఫోటో వచ్చింది. తలమీద గుడ్డ లేదు, సూటిగా చూస్తోంది.

"ఈయమ్మ మా అవ్వ కాదు! మా అవ్వ తలకు గుడ్డ కట్టుకోని, బుట్ట పట్టుకోని, పక్కకు తిరిగి ఉంటాది!" అని ఏడ్చాను. అప్పుడే ఊరికి పంపడానికి నాన్న క్యాసెట్‌లో మాటలు రికార్డు చేస్తున్నాడు. నా ఏడుపూ అందులో పడింది. నాన్న చెరపలేదు.

కొన్నాళ్లకు, సెలవు మీద ఊరికి పోయొచ్చిన మామ ఇంకో ఫోటో తెచ్చాడు. "ఇప్పుడన్నా ఒప్పుకుంటాదేమో అడగమనింది మీ అవ్వ" అన్నాడు. స్టూడియో తెర ముందు అవ్వ, తలమీద కొంగు, చంకలో బుట్ట, పక్కకు తిరిగి, నవ్వాపుకుంటూ.

మ్యూజియంలో ఆ ఫ్రెంచి ఆమె కూడా అచ్చం మా అవ్వలాగే నిలబడింది. ఆ నవ్వొక్కటే తక్కువ.