మూసిన గవాచి

బీడీలు ఎన్నేండ్లు తాగినావమ్మా అని ఆ కుర్ర డాక్టరు అడిగినప్పుడు, ఇంకెవరినో అడుగుతున్నాడనుకున్నాను. ఎదురుగా కూర్చున్నది మా వదిన, మా పెద్దన్న భార్య, డెబ్భై దాటినా ఆకూవక్క కూడా ఎరగని మనిషి. మైదుకూరు దగ్గరి మా ఊళ్లో నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందంటే, పోయిన నెల నేనుండే కర్నూలుకు పిలిపించి ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించాను. "ఏమప్పా, నన్ను చూస్తే బీడీలు తాగేదాని మాదిరి ఉండానా?" అని వదిన నవ్వబోయింది, ఆ నవ్వు సగంలోనే దగ్గయింది. డాక్టరు నవ్వలేదు. అయితే కట్టెల పొయ్యి మీద ఎన్నేండ్లు వండినావు అని అడిగాడు. ఆ రెండు ప్రశ్నలూ ఒకటేనని నాకు ఆ క్షణం వరకూ తెలియదు.

మట్టిమిద్దెల్లో పెరిగినవాళ్లకు గవాచి సంగతి నేను చెప్పక్కర్లేదు. కప్పులో మూరెడు కంత, వెలుతురు దిగడానికీ పొగ పోవడానికీ అదొక్కటే దారి, వానొస్తే ఎవరో ఒకరు పైకెక్కి దాని మీదికి బండ జరపాలి. మా ఇంట్లో మాత్రం వాన లేకపోయినా, పంట ఇంటికొచ్చింది మొదలు మళ్లీ విత్తేదాకా ఆ బండ ముప్పాతిక మూసే ఉండేది. పొయ్యికి సరిగ్గా పైన, దూలాలకు, విత్తనానికని ఏరి కట్టిన జొన్నకంకులు గుత్తులుగా వేలాడేవి మరి. పొగ పట్టిన విత్తనానికి పురుగు పట్టదని మా అమ్మ నమ్మకం, నమ్మకమేమిటి, నిజంగానే పట్టేది కాదు. తొలకరికి ముందు పక్క ఊళ్ల నుంచి కూడా మా విత్తనం కోసం వచ్చేవారు, మా నాయన మీసం తడుముకునేవాడు. పొగను బయటికి వదలడమంటే మా ఇంట్లో నెయ్యి ఒలకబోసుకున్నంత దుబారా.

ఆ పొగలో కూర్చున్నది వదిన. నా చిన్నతనంలోనే కొత్తకోడలుగా వచ్చింది, నాకు జడ వేసిందీ, అన్నం పెట్టిందీ ఆమే. కందికట్టో, కంపో, చేతికి దొరికింది పొయ్యిలో పెట్టి, ఊదుగొట్టంతో ఊది ఊది మంట లేపి, సంగటి కుండ మీదికి వంగి గెలికేది. కళ్లు ఎర్రబడితే పుట్టిల్లు తలచుకుని ఏడ్చిందని ఇరుగమ్మలు ఆటపట్టించేవాళ్లు, ఆమె కూడా అవునన్నట్టే ఊరుకునేది. కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి, బండ కాస్త జరిపిద్దామా అత్తా అని అడిగిందట, విత్తనం చెడిపోతుందే తల్లీ అందట మా అమ్మ. అమ్మ కఠినురాలేం కాదు. అదే పొయ్యి ముందు ఆమె కూడా బతుకంతా కూర్చుంది, చివరి రోజుల్లో దగ్గి దగ్గి పోయింది, మేమంతా దాన్ని ముసలితనం అనుకున్నాం. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అమ్మ దగ్గు నా చెవుల్లో వినపడింది.

పోయిన ఊపిరి తిరిగి రాదనీ, మళ్లీ పొయ్యి దగ్గరికి పోతే ఉన్నది కూడా నిలవదనీ ఆయన తేల్చి చెప్పాడు. గ్యాసు మీద సంగటికి రుచి రాదని వదిన ఇప్పటికీ పెరట్లో కట్టెలే రాజేస్తోంది. ఆటోలో వస్తూ నా చెయ్యి పట్టుకుని, "ఇంత పొగ పట్టినాక ఇంగ నాకు పురుగు పట్టదులే పాపా" అంది. నాకు నవ్వు రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, ఆటోవాడి మీద విసుక్కున్నాను.

ఇప్పుడు మా ఊళ్లో మట్టిమిద్దె లేదు, స్లాబు పోశారు, గవాచీ లేదు. విత్తనం మైదుకూరు అంగట్లో పాకెట్లలో కొనుక్కొస్తున్నారు. ఆనాటి జొన్నలు ఎన్ని చేలలో మొలిచాయో, ఎవరెవరు తిన్నారో, వాటిని కాపాడిన పొగ మాత్రం వదిన లోపలే ఉండిపోయింది.

అదే ఇంట్లో పెరిగావు కదా అని డాక్టరు ఆ రోజు నన్ను కూడా పరీక్షించాడు. నీకేమీ లేదమ్మా, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి అన్నాడు. ఎందుకుండవు? నేను వదిన కొంగు పట్టుకుని వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా, "ఈడ ఉండొద్దు పాపా, కండ్లు మండుతాయి, బయట ఆడుకోపో" అని నన్ను పంపేసి, ఆమె లోపల తలుపు వేసుకునేది. నేను వాకిట్లో ఆడుకునేదాన్ని.