హద్దురాళ్లు పాతిన మచ్చ

చేవెళ్లలో మాకు మందులిచ్చే సేటు పోయారని నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. అమ్మ బీపీ గోలీల కోసం వెళ్లేసరికి దుకాణం షట్టర్ దించి ఉంది. పక్కన పంక్చర్లు వేసే అతను ట్యూబును నీళ్లలో ముంచుతూనే, "సేటు పొద్దుగాల్ల పోయిండన్నా. చాయ తాగి కూసున్నడట, గట్లనే ఒరిగిండట" అన్నాడు. ఖాళీ చేతులతో మా ఊరు సురంగల్ తిరిగొచ్చాను.

సంగతి వినగానే అమ్మ కుడిచేతి వెనకున్న నల్లమచ్చను బొటనవేలితో రుద్దుకుంది. "ఎవలతోని చాకిరి చేయించుకోకుంట పోయిండు" అని మాత్రం అంది.

ఆ మచ్చ సంగతి చెబితేనే ఆయన సంగతి చెప్పినట్టవుతుంది.

నాన్న పోయాక అమ్మకు నిద్ర పట్టేది కాదు. పట్నం డాక్టరు పదిరోజులకు నిద్రగోలి రాశాడు. పదిరోజులూ అయ్యాక మానేసిందనుకున్నాను. కొన్నాళ్లకు ఆమె కుడిచేతి వెనక రూపాయి బిళ్లంత ఎర్రటి దద్దు లేచింది. పెదవి అంచున ఇంకొకటి. మంట, దురద. వారంలో అణిగి నల్లబడేది, కొద్దిరోజులకు మళ్లీ లేచేది.

మా బంతితోట గట్ల మీద వయ్యారిభామ మోకాలెత్తు పెరిగి ఉంది. ఆ కలుపు మొక్క పడక ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఇదీ అదే అనుకుని అమ్మను తోటకు రావద్దన్నాను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ తోటలో పూలు తెంపిన మనిషి గడపలో కూర్చుని, పూల గంపలతో పోయే ఆటోలను చూస్తుండేది. "తోటకు పోనియ్యకపోతే నేనేం చెయ్యాలెరా, గోడలు చూసుకుంట కూసోవాలెనా?" అనేది. ఉన్న కాస్త నిద్రా పోయింది.

నాలుగోసారి దద్దు లేచినప్పుడు పూతమందు కోసం సేటు దగ్గరికి తీసుకెళ్లి, వయ్యారిభామ పడలేదని చెప్పాను. మాకు మొయినాబాదే దగ్గర. కానీ అమ్మ పుట్టిల్లు చేవెళ్ల పక్కన కావడంతో ఆమెకు ఆయన దగ్గరే నమ్మకం. తల పెద్దగా ఎత్తని మనిషి ఆయన. కత్తెరను సుతిలి తాడుతో బల్లకు కట్టుకుని ఉండేవారు. ఆ రోజు మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని లైటు కిందికి తెచ్చి చూశారు.

"పటేలమ్మా, గడ్డి తాకితే ఇయ్యాల ఈడ, రేపు ఆడ లేవాలె. ఇదేంది, సర్వే చేయించి హద్దురాళ్లు పాతినట్టు అదే జాగల లేస్తున్నది?"

అమ్మ నవ్వింది. "మా భూమికే దొరుకుతలేవు హద్దురాళ్లు."

ఆయన నవ్వలేదు. "లేసినప్పుడల్ల ముందుగాల ఆ గోలి ఏసుకున్నవా?"

అమ్మ నా వైపు చూసి తల దించుకుంది. "ఏ గోలి?" అన్నాను.

దుకాణంలో నలుగురు మనుషులున్నారు. నిద్రగోలి వేసుకునేవాళ్లకు మతి చెడిందంటారని మా వైపు భయం. అందుకే పుట్టింటికి వచ్చినప్పుడల్లా అమ్మ ఆయన దగ్గర నాలుగైదు గోలీలు తీసుకుని, కొడుకుకు చెప్పొద్దని మాట తీసుకుందట. ఆ మాట ఆయన అప్పుడు తప్పారు.

"నిద్రగోలి, పటేలా. బందు చెయ్యలే. డాక్టరు రాసిన పాత చిట్టీ మీద నేనే ఇచ్చుకుంట వచ్చిన. తప్పు నాది, ఆమెను ఏమనకు."

"గా మాట అందరి ముంగట ఎందుకు సేటూ" అని గొణిగాడు బల్ల దగ్గరున్న ఒకతను.

"మీకు గూడ ఇచ్చేది నేనే కదా. మీకు తెల్వాలె" అన్నారు ఆయన.

షట్టర్ దించి మాతోపాటే మొయినాబాద్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వచ్చారు. అమ్మ ఆకువక్కల సంచిలోంచి మిగిలిన గోలి తీసి చూపింది. కత్తెరతో కోసిన పట్టీ ముక్క అది. మందు పేరు అవతలి ముక్కతో పోయింది. పేరు సేటే చెప్పారు. చాలామందికి అది ఏమీ చేయదనీ, ఈమె ఒంటికి పడదనీ, వేసుకుంటే మళ్లీ అదే చోట లేస్తుందనీ డాక్టరమ్మ వివరించింది. ఇక ముట్టొద్దంది. ఏ దవాఖానకు పోయినా ముందే చెప్పాలంది. సేటు ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

మర్నాడు అమ్మ తోటకొచ్చింది. నిద్ర మాత్రం అంత తొందరగా రాలేదు. పూలు తెంపి తెంపి అలిసిపోగా మెల్లగా వచ్చింది.

అప్పటినుంచి ఆయన మందు పేరు కాగితం పొట్లం మీద రాశాకే కత్తెర పట్టేవారు. అంతకుముందు ఒక ప్రశ్న: "ఏదన్న మందు పడదా?" దగ్గుబిళ్లలకు వచ్చినవాళ్లనూ వదిలేవారు కాదు.

"పిల్లనిచ్చేటోని లెక్క అన్నీ అరుసుకుంటున్నవేంది సేటూ" అని ఒకాయన ఎగతాళి చేశాడు.

"పిల్లనైతే ఎనుకకు తోల్కొచ్చుకోవచ్చు. గోలి కడుపులకు పోయినంక తెచ్చుకుంటమా?"

అమ్మకొక కాగితం రాసిచ్చారు. మందు పేరు తెలుగులో, ఇంగ్లిష్‌లో. కింద "ఈమెకు పడదు" అని. అమ్మ దాన్ని ఆధార్ కార్డు కవరులో దాచుకుంది. కంటి ఆపరేషన్ అప్పుడు నర్సు అడగకముందే తీసి చూపింది. ఆ తర్వాత మేము ఎప్పుడు వెళ్లినా సేటు ముందు అమ్మ చెయ్యి చూసేవారు, తర్వాతే చిట్టీ. నేనాయనకు దండం పెట్టలేదు, కోపమూ పడలేదు. ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది.

దినాలు అయ్యాక దుకాణం తెరిచారు. బీపీ గోలీలకు నేనొక్కణ్నే చాలు, కానీ అమ్మ కూడా వస్తానంది. బల్ల వెనక ఆయన కొడుకున్నాడు. చిట్టీ చూసి, గోలీల పట్టీ తీసి కత్తెర అందుకున్నాడు. అమ్మ కుడిచెయ్యి బల్ల అద్దం మీద బోర్లా పెట్టింది. తియ్యలేదు.

కత్తెర ఆగింది. అతను మచ్చ వైపు చూశాడు.

"పెద్దమ్మా, ఏదన్న మందు పడదా?"

అమ్మ ఎడమచేత్తో సంచిలోంచి కాగితం తీసిచ్చింది. ఉన్నవి రెండే వరుసలు. తండ్రి చేతిరాతను చదివి తిరిగి ఇవ్వడానికి అతనికి చాలాసేపు పట్టింది. అమ్మ తొందరపెట్టలేదు. చెయ్యి అద్దం మీదే ఉంచి నిలబడింది.