తెర అడిగినన్ని బొమ్మలే

గేమ్ సెంటర్ నడిపే అత్తకి ఎవరి మాటా చివరిదాకా వినే ఓపిక లేదు. ఎదుటివాళ్లు సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తుంది. అందుకే అందరూ ఎక్స్‌ప్రెస్ అత్త అంటారు.

ఆ రోజు ఒక కంప్యూటర్ ఫ్యాను చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఆటలో కారు తిరిగినప్పుడల్లా తెరమీద బొమ్మ అడ్డంగా చిరుగుతోంది.

"తెర పోయింది," అని తేల్చేసింది అత్త.

"పోలేదత్తా," అంది రిపేర్లు చేసే మేనకోడలు. "ఇది సెకనుకి అరవై బొమ్మలే చూపించగలదు. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డేమో రెండొందలు గీసి పడేసి వేడెక్కిపోతోంది, అందుకే ఫ్యానుకి ఆ మోత. ఒకటి సగంలో ఉండగానే ఇంకోటి వచ్చి పడుతోంది."

సెట్టింగ్స్‌లో వీ-సింక్ ఆన్ చేసింది. "ఇక తెర సిద్ధమయ్యేదాకా కార్డు ఆగుతుంది. మౌస్ రవ్వంత ఆలస్యంగా పలుకుతుంది, అంతే."

ఫ్యాను హోరు తగ్గిపోయింది. కారు నీళ్లమీద జారినట్టు మలుపు తిరిగింది. అత్త నోరెళ్లబెట్టింది. ఇన్నాళ్లూ ఎవరూ చూడని బొమ్మల కోసమా ఈ కార్డు ఒళ్లు కాల్చుకుంది? కాస్త ఆగితే ఇంత అందమా?

రాత్రి భోజనాల దగ్గర మామయ్య "ఇవాళ నేను..." అని, అలవాటుగా ఆగాడు. అత్త అడ్డు రాలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

ఆయన కంగారుగా లేచి, జ్వరమేమోనని ఆవిడ నుదుటిమీద చెయ్యి వేసి చూశాడు.