ఒక వరద పెద్ద

నా చిన్నప్పుడు మా మామ్మకు తన వయసు తెలియదు. అందుకు ఆవిడేమీ బెంగపడేది కాదు. కాలవ అవతల ఆవిడకో నేస్తం ఉండేది. "దానికంటే నేను ఒక వరద పెద్ద" అనేది మామ్మ. ఇద్దరూ కూలిపనికి వెళ్లే ఇళ్లలో పుట్టినవాళ్లే, పుట్టిన రోజు రాసిపెట్టేవాళ్లెవరు? గోదావరి ఊళ్లోకి వచ్చిన ఏళ్లే వాళ్లకు గుర్తులు. ఒకరు తప్పితే రెండోవారు సరిచేసేవారు.

నేను నాలుగో క్లాసులో ఉండగా జనాభా లెక్కలకు ఒక మాస్టారు వచ్చి, "మీకెన్నేళ్లండి మామ్మగారూ?" అని అడిగారు. చదువుకుంటున్నానన్న గీర నాది. మామ్మ నోరు తెరిచేలోగా "డెబ్బై రాసేయండి" అన్నాను.

మామ్మ ముఖం చిన్నబోయింది.

"అలా రాసెయ్యకండి బాబూ. కాలవవతల మనిషుంటే సరిగ్గా చెప్పేదండి. మొన్ననే మట్టి చేసేరండి దాన్ని. ఇంక నా వయసు ఎవర్నడుగుతానండీ?"

ఆయన డెబ్బయ్యే వేసుకుని వెళ్లిపోయారు. ఆయన్ననడానికి లేదు, ఇంకా బోలెడు ఇళ్లు తిరగాలి.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఏ వరదకు గుడిసె కొట్టుకుపోయిందో, జర్మనీ యుద్ధమప్పుడు బియ్యం దొరక్క ఏం తిన్నారో, ఊళ్లోకి మొదటి మోటారు బస్సు వచ్చిన రోజు నేస్తమూ తనూ హడలిపోయి కొబ్బరితోటలోకి ఎలా పరిగెత్తారో, స్వతంత్రం వచ్చిందని బళ్లో జెండా ఎగరేసిననాడు మా నాన్నకు ఎవరు చొక్కా ఎరువిచ్చారో. చెప్పినదల్లా నాచేత తిరిగి చెప్పించింది. తప్పితే మళ్లీ మొదటికి.

"నేనేదైనా చెప్తే, 'అవునే మామ్మా, ఆ ఏడే' అనడానికి ఓ మనిషుండాలి కదే" అంది. అప్పటికి గానీ, డెబ్బై అనేసి నేనేం చేశానో నాకు తెలియలేదు. ఏడ్చేశాను.

నాకు పుట్టినతేదీ ఉంది, ఆధార్ కార్డు మీద అచ్చయి మరీ ఉంది. కానీ నాతో చదివినవాళ్లలో మిగిలిన ఒక్కామె పోయిన క్రిస్మస్‌కు ముందు రాజోలులో కన్నుమూసింది. అప్పటినుంచి పాత కబుర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. ఒంటరిగా ఉంది, దాచుకోవడమెందుకు?

ముసలివాళ్లు చెప్పిందే చెబుతున్నా నేను విసుక్కోను. మామ్మ బతుకంతా ఈనాటికీ వరసగా, ఒక్క వరద తప్పకుండా చెప్పగలను. నాది విని తిరిగి చెప్పమని మాత్రం ఇంతవరకూ ఎవరినీ అడగలేకపోయాను.