పన్నెండోవాడు

ఎల్బీనగర్‌లో బస్సెక్కి కూర్చోగానే ఫోన్ తీసి, ముందురోజు నేను రిఫరీగా ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ వీడియో పెట్టుకున్నాను. ఆ మ్యాచ్‌లో ఒక ఫౌల్ నా కళ్లముందే జరిగిందట, నేను పట్టుకోలేదట. నాలుగుసార్లు చూసినా నా తప్పేమిటో అర్థం కాలేదు.

పక్క సీట్లో, డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్న కండక్టరమ్మ ఒకావిడ తొంగి చూసింది. "ఏం ఆట తమ్మీ గిది?"

"అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ అమ్మా. జట్టుకు పదకొండు మందే ఉండాలి. ఒకడు లోపలికి వస్తే ఇంకొకడు బయటికి వెళ్లిపోవాలి. లేదంటే ఫౌల్."

"మరి గీ నల్లంగీలోళ్లు పన్నెండు మందున్నరు గద!"

వీడియో ఆపి వేలు పెట్టి లెక్కపెట్టాను. నిజమే, పన్నెండు మంది. రెండేళ్లు రూల్‌బుక్ బట్టీపట్టినవాణ్ని నేను. ఆట పేరు కూడా తెలియని ఆవిడకు ఒక్క చూపు చాలింది. నాకు కడుపు మండిపోయింది.

"ఎలా చెప్పారండీ?" అన్నాను, ముఖం మామూలుగా పెట్టుకుని.

"జంటలు జంటలు చూస్త. పదకొండైతే ఒకడు ఒంటిగ మిగలాలె. గీడ ఎవ్వడు మిగుల్తలేడు. బస్సుల గూడ గట్లనే లెక్కవెడ్త."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆవిడ దిగిపోయింది. థాంక్స్ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తర్వాతి మ్యాచ్‌లో ఒక్కో జట్టు ఆటగాళ్లను జంటలుగా చూశాను. ఒక జట్టులో ఒంటిగా ఎవడూ మిగల్లేదు, పన్నెండు మంది ఉన్నారు. వెంటనే పసుపు జెండా విసిరి ఫౌల్ ఇచ్చాను.

"అంత త్వరగా ఎలా పట్టారు సార్?" అని తోటి రిఫరీ ఆశ్చర్యపోయాడు.

"ప్రాక్టీస్," అన్నాను. ఆవిడ ఊసెత్తడానికి మనసొప్పలేదు.